జారిపోయిన ఎత్తుమళ్ళను సరిచెయ్యడానికి టిల్లర్ వెనక ఏం తగిలించాలి

మొన్న దుగ్గిరాల నుంచి మా మేనకోడలి భర్త ఫోన్ చేశారు. పసుపు తవ్వకం అయిపోయిందట. తవ్వేటప్పుడు మళ్ళన్నీ చెదిరిపోయాయి, మళ్ళీ ఎత్తాలి. “బెడ్ మేకర్ కొనమంటారా మావయ్యా? లేకపోతే ఉన్న రోటవేటర్‌తోనే లాగించెయ్యనా?” అని అడిగారు. “ఏదీ వద్దు అల్లుడు గారూ, ముందు టేపు పట్టుకుని చేలోకి వెళ్ళండి. మళ్ళ మధ్య నడిచే మీ బాట ఎంత వెడల్పుందో, మీ టిల్లర్ చక్రాలు బయటి అంచు నుంచి బయటి అంచుకి ఎంతున్నాయో కొలిచి చెప్పండి. పనిముట్టు సంగతి తర్వాత మాట్లాడుకుందాం” అన్నాను. ఆయనకి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళు పవర్ టిల్లర్లు, వాటికన్నా చిన్నవైన వీడర్లు రిపేరు చేశాను. ఇప్పుడు విజయవాడ పక్కనే పెదపులిపాకలో కృష్ణ ఏటి వైపు 40 సెంట్లు, గంగూరు రోడ్డులో 30 సెంట్లు సాగు చేస్తున్నాను. ఏటి వైపుది ఒండ్రు నేల, గంగూరుది నల్లరేగడి. రెండు చోట్లా ఎత్తుమళ్ళే. తోటకూర, పాలకూర, గోంగూర, ముల్లంగి, చలికాలంలో కొత్తిమీర. ఒకే యంత్రంతో రెండు రకాల నేలల్లో పని చెయ్యబట్టి, ఏ పనిముట్టు ఎక్కడ పనికొస్తుందో చేతులతో తెలుసుకున్నాను.

మడి చెయ్యడం వేరు, సరిచెయ్యడం వేరు

కొత్తగా మడి చేసేటప్పుడు నేలంతా దుక్కి చేసి, గుల్ల చేసి, మట్టి పైకి ఎత్తుతాం. ఉన్న మడిని సరిచెయ్యడం అలాంటి పని కాదు. మడి పైన నాలుగు అంగుళాల మట్టిలో మీరు ఏళ్ళ తరబడి వేసిన పశువుల ఎరువు ఉంది, వానపాముల బొరియలు ఉన్నాయి, పాత వేర్లు కుళ్ళి వదిలిన సన్నటి దారులు ఉన్నాయి. నీరు దిగేది ఆ దారుల్లోంచే. ఆ మట్టి ఎక్కడికీ పోలేదు. పోయింది అంచుల మట్టి. వానకి, మనుషుల తొక్కిడికి, నీటి తడులకి జారి పక్క బాటలో పడింది. దాన్ని ఎత్తి మళ్ళీ మడి మీద వెయ్యాలి, పని అంతే. కాబట్టి మనకి కావలసింది బాటలో నడిచే పనిముట్టు. మడి మీద నడిచేది కాదు.

ఇది నాకు మొదట్లో తెలియలేదు. టిల్లర్‌తోపాటు రోటవేటర్, అంటే తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసేది, వచ్చింది కాబట్టి, రెండేళ్ళు ప్రతి పంటకీ మడి మీదంతా రోటవేటర్ తిప్పి, తర్వాత పారతో అంచులు చెక్కాను. చూడ్డానికి మడి మెత్తగా, పిండిలా బ్రహ్మాండంగా ఉండేది. మూడో ఏడు ముల్లంగి పీకితే దుంపలన్నీ ఒకే చోట, వేలెడు పొడవు దగ్గర, వంకర తిరిగి రెండుగా చీలి ఉన్నాయి. అనుమానం వచ్చి షెడ్డులోంచి పది మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ తెచ్చి మడిలో గుచ్చాను. అయిదు అంగుళాల వరకు వెన్నలో దిగినట్టు దిగింది. అక్కడ ఆగిపోయింది. బరువంతా వేసి నొక్కితే టక్‌మని ఒక పొర దాటి మళ్ళీ సులువుగా దిగింది. రోటవేటర్ బ్లేడ్ల కొసలు ఏ లోతులో తిరిగాయో సరిగ్గా ఆ లోతులోనే గట్టి పొర. ప్రతిసారీ అదే లోతులో అడుగు మట్టిని నున్నగా రుద్దుతూ పోయాను. రేగడిలో తడి ఎక్కువున్నప్పుడు తిప్పితే ఈ పొర ఇంకా తొందరగా కడుతుంది.

ఆ కడ్డీ పరీక్ష మీరూ చెయ్యండి. ఒక్కో మడిలో మూడు నాలుగు చోట్ల గుచ్చండి. నేల కాస్త తడిగా ఉన్నప్పుడే చెయ్యాలి, ఎండిన నేలలో కడ్డీ ఎక్కడైనా ఆగుతుంది. గట్టి పొర తగిలితే ముందు దాని సంగతి చూడాలి. లోతుకి దిగే ఒంటి గొర్రు పన్ను ఒకటి టిల్లర్ వెనక పెట్టి, మడి పొడుగునా రెండు సాళ్ళు గీస్తే చాలు. పొర చిట్లుతుంది, పై మట్టి తిరగబడదు.

ముందు కొలతలు

ఎత్తుమళ్ళు వేసేవాళ్ళు ముందు మడి వెడల్పు నిర్ణయించి, మిగిలింది బాట అనుకుంటారు. యంత్రంతో సరిచెయ్యాలంటే లెక్క తిరగేసి మొదలుపెట్టాలి. బాట వెడల్పుని నిర్ణయించేది మీ యంత్రం చక్రాలే. రెండు చక్రాలూ బాటలో పట్టాలి. ఒక చక్రం మడి అంచు ఎక్కిందంటే, వెనక పనిముట్టు ఎత్తిన మట్టిని ముందు చక్రం తొక్కి పడేస్తుంది. పైగా టిల్లర్ ఒక పక్కకి ఒరిగి నాగలి ఏటవాలుగా కోస్తుంది.

నా వీడర్‌కి ఇనుప చక్రాలు వేస్తే బయటి అంచుల మధ్య 19 అంగుళాలు. అటూ ఇటూ కాస్త వదులు కలిపి బాట 22 అంగుళాలు పెట్టుకున్నాను. మడి పైన 36 అంగుళాలు. అంటే రెండు వైపుల నుంచీ చెయ్యి చాపితే మధ్యకి అందుతుంది, కోత కోసే ఆడవాళ్ళు మడి తొక్కాల్సిన పని లేదు. అమెరికా, కెనడాల్లో నడిచే ట్రాక్టర్లతో (వెనక నడుస్తూ తోలేవి) కూరగాయలు పండించే చిన్న రైతుల్లో చాలామంది మడి 30 అంగుళాలు పెట్టుకుంటారు. దాటి అడుగు వెయ్యడానికీ అనువు, పనిముట్లు కూడా ఆ వెడల్పుకే దొరుకుతాయి. మన దగ్గర ఆకుకూరకి 36 బాగానే ఉంది. పసుపుకి, అల్లానికి ఇంకా తగ్గించినా పరవాలేదు.

పెద్ద పవర్ టిల్లర్ 12, 13 హార్స్‌పవర్‌ది అయితే సంగతి వేరు. దాని బరువు వందల కిలోల్లో ఉంటుంది, రోటవేటరే రెండడుగులు. 18 అంగుళాల బాటలో అది పట్టదు. పెద్ద టిల్లర్ ఉన్నవాళ్ళు బాట వెడల్పు పెంచుకోవాలి, లేదా మడి సరిచెయ్యడం వరకు చిన్న వీడర్ అద్దెకి తెచ్చుకోవాలి. చక్రాలను ఇరుసు మీద లోపలికి జరిపే వీలు కొన్నిటికి ఉంటుంది. టైరు తిరగేసి బిగిస్తే కూడా రెండు మూడు అంగుళాలు తగ్గొచ్చు. కానీ తిరగేస్తే టైరు మీద పట్టు కోసం ఉండే గాళ్ళు వెనక్కి తిరుగుతాయి, పట్టు పోతుంది. అందుకని ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకి మార్చి బిగించాలి.

ఇంకో కొలత అందరూ మరిచిపోతారు. మడి చివర తిప్పుకునే జాగా. యంత్రం, వెనక నాగలి, దాని వెనక మనిషి, ముగ్గురూ తిరగాలి. చిన్న వీడర్‌కైనా ఆరడుగులు ఉండాలి. గట్టు దాకా మళ్ళు లాగేస్తే, చివరి నాలుగడుగులు ఎప్పటికీ పారతోనే చేసుకోవాలి.

ఏ యంత్రం వెనక ఏది నిలబడుతుంది

మన దగ్గర దొరికే వీడర్లు రెండు రకాలు. ఒక రకంలో చక్రాల జాగాలోనే బ్లేడ్ల రోటర్ బిగిస్తారు, అదే తిరుగుతూ ముందుకు లాక్కుపోతుంది. ఇంకో రకంలో చక్రాలు వేరు, వెనక రోటర్ వేరు. మడి ఎత్తడానికి రెండో రకం హాయి. మొదటి రకం ఉంటే రోటర్ తీసేసి, ఆ షాఫ్టుకే గాళ్ళున్న ఇనుప చక్రాలు వేసి, వెనక మట్టిని రెండు పక్కలకీ తోసే బోదె నాగలి తగిలించాలి. రోటర్ ఉండగా నాగలి తగిలిస్తే, నాగలి పట్టుకున్న చోట రోటర్ అక్కడే గొయ్యి తవ్వుతూ కూర్చుంటుంది. అమ్మేవాళ్ళు ఈ ఇనుప చక్రాలను విడిగా అమ్ముతారు, చాలామంది వద్దనుకుంటారు. నాగలి కన్నా ముందు అవి కొనండి. రబ్బరు చక్రం తడి ఒండ్రులో జారుతుంది. లాగే బలమంతా చక్రం పట్టులోనే ఉంది, ఇంజన్ ఎన్ని హార్స్‌పవర్లయినా.

పెద్ద పవర్ టిల్లర్లలో రోటవేటర్ వెనక తోక చక్రం ఉంటుంది. ఆ చక్రం తీసేసి, అదే చోట బోదె నాగలి పెట్టుకునే ఏర్పాటు చాలావాటికి ఉంది. ముందు రోటవేటర్ బాటని గుల్ల చేస్తుంది, వెనకే నాగలి ఆ గుల్ల మట్టిని రెండు పక్కలకీ ఎగదోస్తుంది. ఒక్క తోలుకి, అంటే ఒక్కసారి నడిపితే, రెండు పనులు.

ఇటలీ రకం నడిచే ట్రాక్టర్లు, బీసీఎస్ లాంటివి, వేరే జాతి. వాటికి పీటీఓ, అంటే ఇంజన్ బలాన్ని పనిముట్టుకి అందించి తిప్పే షాఫ్టు, ఉంటుంది. హ్యాండిల్‌ని వెనక్కీ ముందుకీ పూర్తిగా తిప్పుకోవచ్చు. వాటికి దొరికే పనిముట్లు కొన్ని మన టిల్లర్లకి తగలవు. వాటి సంగతి కింద చెబుతాను.

బోదె నాగలి

నన్ను ఒక్కటే కొనమంటే ఇదే కొంటాను. దీన్నే దుకాణాల్లో రిడ్జర్ అంటారు. మధ్యలో కర్రు, రెండు పక్కలా రెక్కలు. బాట మధ్యలో నడిపితే కర్రు మట్టిని లేపుతుంది, రెక్కలు చెరో పక్కకీ తోస్తాయి. కదిలే భాగం లేదు, పాడయ్యేది లేదు, మడి పైభాగాన్ని ముట్టుకోదు.

కొనేటప్పుడు మూడు చూడండి. రెక్కలు దగ్గరికీ దూరానికీ సర్దుకునేలా ఉండాలి. వెల్డింగ్ చేసి కదలకుండా బిగించినవి వద్దు. రెక్కల వెనక చివర్ల మధ్య దూరం మీ బాట కన్నా రెండంగుళాలైనా తక్కువకి వచ్చేలా ఉండాలి, లేకపోతే రెక్క మడి అంచుని కోసేస్తుంది. కర్రు విడిగా బోల్టుతో ఉండాలి, అరిగితే మార్చుకోవడానికి. నా కర్రు అరిగిపోతే ఆటోనగర్‌లో పాత లారీ కమాను కట్ట ముక్కని కోయించి అతికించుకున్నాను. మామూలు ఇనుప రేకుతో చేసిన కర్రు ఇసక ఒండ్రులో ఒక్క సీజనుకే మొండిగా మారుతుంది. మొండి కర్రు దిగదు. దిగడం లేదని మనం హ్యాండిల్ ఎత్తి పట్టి నడుము నొప్పి తెచ్చుకుంటాం.

కొత్త నాగలి రెక్కల మీద రంగు వేసి ఇస్తారు. రేగడిలో ఆ రంగుకి మట్టి అంటుకుని, పది గజాలు వెళ్ళేసరికి రెక్క ముద్దలా అవుతుంది. అప్పుడది మట్టిని తోయదు, ఈడుస్తుంది. రంగు గీకెయ్యండి. ఎమెరీ కాగితంతో రుద్ది, ఇసక నేలలో నాలుగు సాళ్ళు తోలితే రెక్క అద్దంలా మెరుస్తుంది. పని అయ్యాక కడిగి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి పెట్టండి. మళ్ళీ వాడే ముందు గుడ్డతో తుడిచెయ్యండి. తుప్పు పట్టిన రెక్క, రంగున్న రెక్క రెండూ ఒకటే.

ఒకే తోలుకి మొత్తం లేపాలని చూడకండి. మొదటి తోలు రెక్కలు దగ్గరగా పెట్టి మూడు నాలుగు అంగుళాల లోతు. రెండో తోలు రెక్కలు విప్పి ఇంకాస్త లోతు. మొదటి తోలులో లేచిన మట్టి బాట పక్కల్లోనే ఉంటుంది, రెండో తోలు దాన్ని మడి భుజం మీదికి ఎక్కిస్తుంది. అప్పుడు మడి రెండు అంచులూ ఎత్తుగా, మధ్య పల్లంగా, పడవలా కనిపిస్తుంది. అది చూసి పాడైపోయిందని కంగారు పడకండి, అలాగే రావాలి. అంచుల మీదున్న మట్టిని తర్వాత పలకతో మధ్యకి లాగుతాం.

ఖర్చు లేని ఉపాయం: బ్లేడ్లు తిప్పి బిగించడం

పెద్ద టిల్లర్ రోటవేటర్‌లో వంపు బ్లేడ్లు ఉంటాయి, కుడికి వంగినవి సగం, ఎడమకి వంగినవి సగం. కంపెనీ నుంచి వచ్చినప్పుడు నేల సమంగా వచ్చేలా కలగలిపి బిగించి ఉంటాయి. షాఫ్టు మధ్య నుంచి రెండు పక్కలా బ్లేడ్ల వంపులన్నీ బయటికి ఉండేలా మార్చి బిగిస్తే, రోటవేటర్ మట్టిని మధ్యలోంచి అటూ ఇటూ విసిరి కాలువలా చేస్తుంది. వంపులన్నీ లోపలికి ఉంటే మట్టి మధ్యకి చేరి బోదెలా లేస్తుంది. మనకి బాటలో కావలసింది మొదటిది. స్పానరుతో గంట పని. నాగలి కొనడానికి డబ్బు సర్దుబాటు కాని ఏడాది ఇలా చేసి చూడండి. ఒక్క సంగతి, బ్లేడు పదును ఉన్న అంచు తిరిగే వైపుకే ఉండాలి. బ్లేడు వెనక వీపు నేలకి తగిలేలా బిగించారో, యంత్రం ఎగిరెగిరి పడుతుంది.

మిగతా పనిముట్లు

చక్రాల నాగలి, అంటే రెండు పళ్ళాలు ఏటవాలుగా బిగించినది. చెత్త, పాత తీగలు, గడ్డి ఉన్న బాటల్లో బోదె నాగలి కన్నా ఇది మేలు. బోదె నాగలి కర్రుకి తీగ చుట్టుకుని కుప్పలా ఈడ్చుకుంటూ పోతుంది. పళ్ళెం అయితే తీగ మీదుగా దొర్లిపోతుంది, లేదా కోసేస్తుంది. పళ్ళేల కోణం పెంచితే మట్టి ఎక్కువ తోస్తుంది, తగ్గిస్తే తక్కువ. దిగడానికి బరువు కావాలి. తేలిక వీడర్ వెనక గట్టి నేలలో ఇది పైపైనే దొర్లుతుంది. చిక్కుడు, దోస, బీర పందిళ్ళ కింద మళ్ళు సరిచేసేవాళ్ళకి ఇది చూడమంటాను.

రోటరీ ప్లౌ. ఇది ఇటలీ రకం ట్రాక్టర్లకి దొరికేది. నిలువుగా నిలబడిన మర లాంటి కత్తి గిర్రున తిరుగుతూ మట్టిని లేపి ఒక పక్కకి విసురుతుంది. నిజానికి మడి సరిచెయ్యడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. బోదె నాగలి మట్టిని అంచుకే చేరుస్తుంది, ఇది మడి మధ్య దాకా గుల్లగా చల్లుతుంది. ఒక బాటలో వెళ్ళి, పక్క బాటలో తిరిగొస్తే మధ్యలో ఉన్న మడికి రెండు పక్కల నుంచీ మట్టి పడుతుంది. ఒక పక్కకే విసిరేవి ఉన్నాయి, రెండు పక్కలకీ తిప్పుకునేవి ఉన్నాయి. ఇది నడవాలంటే 10 హార్స్‌పవర్ దాకా ఇంజన్ కావాలి, పీటీఓ కావాలి, ఖరీదు ఎక్కువ. ఒక్కరి 40 సెంట్లకి కొనమని చెప్పను. అయిదారుగురు కలిసి ఒక సంఘంగా కొనుక్కుంటే మాత్రం బంగారం లాంటి పనిముట్టు. రాళ్ళున్న చోట వాడొద్దు.

పవర్ హారో. పళ్ళు నిలువుగా గుండ్రంగా తిరుగుతాయి, మట్టిని తిరగేయవు, వెనక రోలరు లోతుని అదుపులో పెడుతుంది. ముల్లంగి, కొత్తిమీర విత్తడానికి మడి పైభాగం రెండంగుళాలు సన్నం చెయ్యడానికి బాగుంటుంది. మట్టి ఎత్తదు. ఎత్తాక చేసే పని దీనిది.

ఇక అల్లుడు గారు అడిగిన బెడ్ మేకర్. రెండు పక్కలా వాలు రేకులు, పైన పలక ఉన్న పెట్టె లాంటిది. గుల్ల చేసిన మట్టిని ఒడిసిపట్టి, ఒకే తీరుగా మడి అచ్చు పోస్తుంది. మల్చింగ్ షీటు పరిచేవాళ్ళకి ఇది కావాలి, ఎందుకంటే మడి ఎగుడుదిగుడుగా ఉంటే షీటు కింద గాలి చేరి గాలివానకి లేచిపోతుంది. కానీ అది లాగడానికి చాలా బలం కావాలి, మట్టి ముందే గుల్లగా ఉండాలి, మడి మొత్తాన్ని కదిపి చెయ్యాలి. కొత్త మడికి సరే. ఉన్న మడిని సరిచెయ్యడానికి అక్కర్లేదు. రేగడిలో తడి ఉండగా లాగితే పక్క రేకులు మట్టిని నున్నగా మెత్తుతాయి, ఎండాక ఆ అంచు పెంకులా అవుతుంది.

చదును పలక కొనక్కర్లేదు. నాలుగడుగుల టేకు బద్ద, కింద అంచుకి రేకు, రెండు చివర్లా తాడు. ఇద్దరు చెరో బాటలో నిలబడి ఈడిస్తే అంచుల మట్టి మధ్యకి వస్తుంది. దంతెతో కూడా చెయ్యొచ్చు, కానీ పలకతో మడి తేలిగ్గా వస్తుంది. మధ్య అరంగుళం ఎత్తుగా, ఏనుగు వీపులా ఉంచండి. వాన నీరు మధ్యలో నిలవకూడదు. అంచుని నిలువుగా చెక్కకండి, వాలుగా వదలండి. నిలువుగా చెక్కిన అంచు మొదటి గట్టి వానకే జారుతుంది.

కొక్కెం కలవకపోతే

మా ఊళ్ళో ఒక కుర్రాడు నాగలి కొనుక్కొచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే దాని కాడ అతని వీడర్ గొట్టంలో దూరలేదు. దుకాణంలో “అన్నిటికీ సరిపోతుంది” అన్నారట. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. పాపం, సీజను దాటిపోతోందని చాలా టెన్షన్ పడ్డాడు. నాగలి కాడ మందం, పిన్ను రంధ్రం, రంధ్రాల మధ్య దూరం ఇవన్నీ మోడల్‌కి ఒక రకంగా ఉంటాయి. వీడర్ షాఫ్టు ఆరు పలకలదయితే దాని కొలత కూడా అంతే. ఫోనులో ఫొటో చూపించి కొనకండి. వీలైతే యంత్రమే బండి మీద వేసుకుని వెళ్ళండి, లేదా మీ పాత పనిముట్టు కాడని విప్పి చేత్తో పట్టుకెళ్ళండి. అతని నాగలికి మందపు పట్టీతో కొత్త కాడ చేయించి నేనే బిగించాను. కాడకి పైనుంచి కిందికి నాలుగు రంధ్రాలు పెట్టించాను, లోతు మార్చుకోవడానికి. ఏ కొత్త నాగలికైనా ఈ రంధ్రాలు లేకపోతే పెట్టించుకోండి.

పెద్ద యంత్రం కొనబోయేవాళ్ళకి ఇంకో మాట. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇలాంటి కేంద్రాల్లో యంత్రాలను పరీక్షించి రిపోర్టు ఇస్తారు. కొనే మోడల్‌కి ఆ రిపోర్టు చూపించమని డీలర్‌ని అడగండి. సబ్సిడీ ఏ ఏడాది ఎంతో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

నేల పదును చూసి దిగండి

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలిన రోజుల్లో ఏటి వైపు చేను మునిగింది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే మళ్ళూ బాటలూ ఒకటే అయిపోయాయి. బాటల్లో బెత్తెడు ఒండ్రు మేట వేసింది. పక్క చేను వదిన గారు గట్టు మీద నిలబడి, “అన్నయ్య గారూ, ఇక అంతా దున్నించేసి మొదటి నుంచీ చెయ్యాల్సిందేనా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడది మూడేళ్ళుగా ఎరువు పోసి పెంచిన గోంగూర మడి. “దున్నించొద్దమ్మా, మడి కిందే ఉంది, ఆగుదాం” అన్నాను.

ఆగడమే కష్టం. పైన ఎండినట్టు కనిపిస్తుంది, చెయ్యి దురద పెడుతుంది. రోజూ పొద్దున్నే బాటలో జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలేవాణ్ణి. ఉండ అలాగే పడి బల్లపరుపుగా అతుక్కుంటే ఇంకా తడి. పడి నాలుగు ముక్కలైతే పదును, అంటే పనికి సరిపోయే తడి. ఉండే కట్టకపోతే దాటిపోయింది, ఒక తడి ఇచ్చి రెండు రోజులు ఆగాలి. ఒండ్రులో ఈ అదును ఎక్కువ రోజులు ఉంటుంది. రేగడిలో మహా అయితే రెండు మూడు రోజులు. ఈ పూట ముద్ద, ఎల్లుండికి పెళ్ళ. అందుకే రేగడి ఉన్నవాళ్ళు పనిముట్టు ముందే బిగించి, డీజిల్ పోసి సిద్ధంగా ఉండాలి.

పన్నెండో రోజున ఉండ ముక్కలైంది. ముందు ఆవిడ చేలోకే దిగాం. పాత బాటలు ఎక్కడో కనిపించలేదు కాబట్టి, నేను కడ్డీ తీసుకుని గుచ్చుతూ వెళ్ళాను. మెత్తగా దిగిన చోట మడి, తొక్కిడికి గట్టిపడిన చోట బాట. రెండు చివర్లా పుల్లలు పాతి పురికొస కట్టాం. ఆ తాడు వెంబడి ఇనుప చక్రాలతో, తక్కువ గేరులో, మొదటి తోలు. మొదటి బాట చివరికి వెళ్ళి వెనక్కి చూస్తే, బూడిద రంగు మేట రెండు పక్కలకీ విడిపోయి, దాని కింద నల్లటి పాత మడి భుజం బయటపడింది. వదిన గారు దిగి వచ్చి ఆ మట్టిని చేతిలోకి తీసుకుని చూశారు, అందులో వానపాము ఉంది. రెండో తోలు అయ్యేసరికి ఎనిమిది అంగుళాల ఎత్తు వచ్చింది. పన్నెండు మళ్ళు ఒక పూటలో అయిపోయాయి. మర్నాడు పలక లాగాం.

తోలేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. హ్యాండిల్‌ని బలంగా నొక్కడం గానీ ఎత్తడం గానీ చెయ్యాల్సి వస్తుంటే ఆపి, కాడ రంధ్రం మార్చండి. సరిగ్గా కుదిరితే రెండు వేళ్ళతో దారి చూపిస్తే చాలు. మడి చివర నాగలి పైకెత్తి, ఆగి, తర్వాతే తిప్పండి. గట్టు దగ్గరో కాలవ దగ్గరో వెనక గేరు వెయ్యకండి. వెనక్కి వచ్చే యంత్రానికీ గట్టుకీ మధ్య మనిషి ఇరుక్కుంటాడు. రోటర్ ఉన్నవాటితో వెనక గేరు అసలే వద్దు. బ్లేడ్లకి చుట్టుకున్న గడ్డి తీసేటప్పుడు క్లచ్ వదిలాం కదా అనుకోకండి, ఇంజన్ పూర్తిగా ఆపండి. ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చిన యంత్రాలు, వాటితోపాటు వచ్చిన మనుషుల చేతులు చూసి చెబుతున్నాను.

అల్లుడు గారు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశారు. బాట 16 అంగుళాలు, మడి 36, టిల్లర్ చక్రాలు బయటికి 23. 60 అడుగుల వెడల్పులో 13 మళ్ళు ఉన్నాయి. ఈ బాటలో ఆ చక్రాలు పట్టవు. బాట 25 చేస్తే 11 మళ్ళే వస్తాయి, రెండు మళ్ళు పోతాయని ఆయన బాధ. ఇప్పుడు పసుపు తవ్వి చేను ఖాళీగా ఉంది కాబట్టి మార్చుకోవడానికి ఇదే అదను అన్నాను. ఇప్పుడొక్కసారి మళ్ళన్నీ కొత్త కొలతకి వేసుకోవాలి, ఆ తర్వాత ఏటా బాటలో నాగలి తోలుకుంటే చాలు. బెడ్ మేకర్ డబ్బు ఆపేసి, తోక చక్రం జాగాలో పెట్టుకునే బోదె నాగలి ఒకటి, ఇనుప చక్రాల జత ఒకటి తీసుకోమన్నాను. ఆదివారం టిల్లర్ కాడ విప్పుకుని ఆటోనగర్ వస్తానన్నారు.